పావ్‌లోవ్ కుక్కలు మరిచిపోని వరద

మీ ఇంట్లో ఎవరైనా టెట్‌కో, డీఎస్సీకో చదువుతుంటే పావ్‌లోవ్ పేరు మీ చెవిన పడే ఉంటుంది. గంట మోగడం, కుక్క నోట్లో లాలాజలం ఊరడం, శాస్త్రీయ నిబంధనం, దాని మీద ఒకటో రెండో బిట్లు. పరీక్ష అవ్వగానే పుస్తకంతోపాటు ఆయనా అటకెక్కేస్తారు. నాకు మాత్రం ఆ పెద్దాయన ఓపీలో కూర్చున్నప్పుడు తరచూ గుర్తొస్తుంటారు.

ఎప్పుడంటే, నడుం నొప్పితో వచ్చిన మనిషి ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కో కాగితం తీసి బల్ల మీద పరుస్తున్నప్పుడు. రెండు ఎక్స్‌రేలు, ఒక ఎమ్మారై, నాలుగు ఊళ్ల మందుల చీటీలు. నొప్పి మొదలై ఆరేళ్లు. మొదట బిందె ఎత్తబోతే పట్టేసింది. ఇప్పుడు బిందెను చూసినా, వంగాలన్న ఆలోచన వచ్చినా పట్టేస్తోంది. అన్నీ చూసి, కంగారు పడాల్సిందేమీ లేదని చెబుతామా, ఆమె ముఖంలో సంతోషం కనబడదు. ఏమీ లేకపోతే మరి నేను నటిస్తున్నానా అన్న ప్రశ్న కళ్లలో కనిపిస్తుంది. పక్కనే నిలబడ్డ ఇంటాయనకేమో తాను ముందే అనుకున్నది డాక్టరే చెప్పాడన్న ధీమా. ఇద్దరూ పొరబడుతున్నారు. నొప్పి నిజం. నూటికి నూరుపాళ్లూ నిజం. కాకపోతే అది ఇప్పుడు నడుంలో కంటే మెదడు నేర్చుకున్న పాఠంలో ఎక్కువగా ఉంది. ఓపీలో ఒక్కొక్కరికి దొరికే నాలుగైదు నిమిషాల్లో ఈ సంగతి వివరించడం నా వల్ల కావడం లేదు. అందుకే మిమ్మల్ని కాసేపు పావ్‌లోవ్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

మఠం తోటలో పిల్లాడు

ఇవాన్ పెత్రోవిచ్ పావ్‌లోవ్ 1849లో రష్యాలోని ర్యాజాన్ పట్టణంలో పుట్టారు. తండ్రి చర్చిలో మతగురువు. పిల్లల్లో ఇవానే పెద్దవాడు. చిన్నతనంలో ఎత్తు మీంచి రాతి నేల మీద పడ్డాడు. దెబ్బ గట్టిగానే తగిలింది. చాలాకాలం కోలుకోలేదు. బడి మొహం చూసేసరికి పదకొండేళ్లు వచ్చాయి. ఆ మధ్యకాలంలో అతణ్ని చేరదీసింది దగ్గర్లోని మఠాధిపతి. బాప్తిస్మం నాడు పిల్లాడికి తండ్రి స్థానంలో నిలిచిన మనిషి ఆయన. తోటపని, ఆటలు, వ్యాయామం, చదువుకోవడానికి పుస్తకాలు... పిల్లాడు వాటితోనే తేరుకున్నాడు. తోటపని పిచ్చి మాత్రం ముసలితనం దాకా వదల్లేదు.

తండ్రి బాటలోనే నడవాల్సిన కుర్రాడు మతవిద్య చదువుతుండగానే సెచెనోవ్ అనే రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త రాసిన పుస్తకం చేతికొచ్చింది. మన ఆలోచనలకూ కోరికలకూ మూలం మెదడులో జరిగే ప్రతిచర్యలేనని దాని సారం. అంతే, 1870లో మతవిద్య వదిలేసి సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో చేరిపోయాడు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ చదువు, వైద్యపట్టా, పెళ్లి, జర్మనీలో శిక్షణ, చేతిలో డబ్బు నిలవని సంసారం. మిలిటరీ మెడికల్ అకాడమీలో ప్రొఫెసర్ అయ్యేనాటికి వయసు నలభై దాటింది. ముప్పై వచ్చినా స్థిరపడలేదని బెంగపడే పీజీ పిల్లలకు ఈ మాట చెబుతుంటాను.

ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కుక్క లాలాజలం కథకు కాదు. జీర్ణగ్రంథులు ఎప్పుడు, ఎంత, ఎలా రసాలు ఊరుస్తాయో బతికున్న కుక్కల్లో చూపించినందుకు. ఆ పనిలోనే ఒక చికాకు ఎదురైంది. తిండి నోట్లో పెడితే లాలాజలం ఊరాలి, దాన్ని కొలవాలి. కానీ కొన్నాళ్లకు కుక్కలు తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే లాలాజలం కార్చేస్తున్నాయి. ఇంకొకరైతే లెక్క చెడిపోయిందని ఆ కుక్కను పక్కనపెట్టేవారు. పావ్‌లోవ్ మిగతా జీవితమంతా ఆ చికాకు మీదే పనిచేశారు. అన్నట్టు, ఆయన ప్రయోగశాలలో ఎక్కువగా వినిపించింది గంట కాదు. సంగీతం నేర్చుకునేవాళ్లు లయ తప్పకుండా పెట్టుకునే మెట్రోనోమ్ టిక్కుటిక్కులు.

నొప్పి కూడా నేర్చుకునేదే

డాక్టరుగా నాకు లాలాజలం కంటే ఆయన శిష్యురాలు యెరోఫియేవా చేసిన ప్రయోగం ముఖ్యమనిపిస్తుంది. కుక్క చర్మానికి కరెంటు షాక్ ఇచ్చేవారు. మొదట సహజంగానే అది విలవిల్లాడి, లాగేసుకుని, కరవబోయేది. షాక్ ఇచ్చిన ప్రతిసారీ వెంటనే తిండి పెట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు అదే షాక్‌కు కుక్క తోక ఆడిస్తూ తిండి గిన్నె వైపు తిరిగేది. నాడి వేగం పెరగలేదు. ఊపిరి మారలేదు. చర్మంలోని నరాలు పంపే సమాచారం అదే, మెదడు దానికి చెప్పుకున్న అర్థం మారిపోయింది.

దీనికో హద్దుందని కూడా పావ్‌లోవ్ గమనించారు. కింద కండ లేకుండా ఎముకకు ఆనుకుని ఉన్న చర్మం మీద షాక్ ఇస్తే కుక్క దాన్ని ఎప్పటికీ తిండి సంకేతంగా తీసుకోలేదు. నొప్పులన్నిటినీ మనసుతో మార్చేయొచ్చనే వాళ్ల మాటలు నమ్మొద్దని నేను చెప్పేది ఇందుకే. ఇక ఇలాంటి ప్రయోగాలకు ఈ రోజుల్లో ఏ నైతిక కమిటీ అనుమతించదు, అనుమతించకూడదు కూడా.

ఇప్పుడు మళ్లీ మన బిందె దగ్గరికి రండి. మొదటిసారి నడుం పట్టేసినప్పుడు కండకో, కీలుకో నిజంగానే దెబ్బ తగిలి ఉంటుంది. మామూలుగా అలాంటి దెబ్బ కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో మానిపోతుంది. కానీ ఆ వారాల్లో మెదడు వంగడాన్నీ నొప్పినీ జతకట్టేసింది, మెట్రోనోమ్‌నూ తిండినీ కుక్క జతకట్టినట్టే. దెబ్బ మానినా జత విడిపోలేదు. వంగబోతే చాలు, మెదడు ముందుగానే ప్రమాదమని కేక వేస్తుంది. కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి పుడుతుంది. అదుగో, నేను చెప్పలేదా అని మెదడు తన పాఠాన్ని తానే రూఢి చేసుకుంటుంది.

ఎమ్మారైలో డిస్కు ఉబ్బిందని రాశారు కదా అంటారు మీరు. నొప్పే లేనివాళ్లకు తీసిన స్కాన్లను కూడా పరిశోధకులు లెక్కగట్టారు. ఇరవై ఏళ్లవారిలో దాదాపు 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. తల నెరవడం లాంటిదే అది కూడా చాలామందిలో. ఆ ఒక్క వాక్యం చదివి మంచానికి అతుక్కుపోయినవాళ్లను చూశాను. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ మాట చెప్పని మా డాక్టర్లదీ ఇందులో తప్పుంది.

భయం సంగతీ ఇంతే. పావ్‌లోవ్ ప్రయోగశాలలో ఒక కుక్కకు వృత్తం చూపించి తిండి పెట్టేవారు. కోడిగుడ్డులా సాగిన ఆకారం చూపిస్తే పెట్టేవారు కాదు. కుక్క తేడా చక్కగా నేర్చుకుంది. ఆ సాగిన ఆకారాన్ని కొద్దికొద్దిగా వృత్తానికి దగ్గర చేస్తూ పోయారు. పొడవు వెడల్పుల నిష్పత్తి 9:8 దాకా వచ్చేసరికి ఏది ఏదో తేల్చుకోలేని స్థితి. మూడు వారాల్లో ఆ నెమ్మదైన కుక్క అరవడం, గింజుకోవడం, పరికరాలను కొరికేయడం మొదలుపెట్టింది. అంతకుముందు సులువుగా గుర్తుపట్టిన ఆకారాలను కూడా గుర్తుపట్టలేకపోయింది. ఎవరూ కొట్టలేదు, పస్తు పెట్టలేదు. ఏం జరుగుతుందో తెలియని స్థితి ఒక్కటే దాన్ని అలా చేసింది. ఈ రోజు నాన్న ఏ మూడ్‌లో ఇంటికొస్తాడో తెలియక వీధి తలుపు వైపు చూసే పిల్లల గురించి మీరే ఆలోచించండి.

లెనిన్‌గ్రాడ్‌లో నీళ్లు పెరిగిన రోజు

విప్లవం, అంతర్యుద్ధం, కరవు. ఆ ఏళ్లలో తినడానికి లేక ప్రయోగశాల కుక్కలు చనిపోయాయి. పావ్‌లోవ్ తోటలో కూరగాయలు పండించుకుని బతికారు. 1921లో లెనిన్ ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చాక పరిశోధన మళ్లీ నిలదొక్కుకుంది. అంతలో 1924 సెప్టెంబరు 23న నేవా నది పొంగి నగరాన్ని ముంచెత్తింది.

కుక్కల గదులు ప్రయోగశాలకు కొంత దూరంలో ఉన్నాయి. సిబ్బంది వెళ్లేసరికి లోపలికి నీళ్లు వచ్చేశాయి. ఆ గాలివానలోనే కుక్కల్ని కొన్నికొన్నిగా బయటికి తీసి, ఈదించుకుంటూ ప్రయోగశాల భవనానికి చేర్చారు. కుక్కలు బతికాయి. ఒంటి మీద గాయాలు లేవు. కానీ కొన్ని కుక్కలు ఆ తర్వాత మునుపటిలా లేవు. ఏళ్ల తరబడి నేర్చుకున్నవి మాయమయ్యాయి. మెట్రోనోమ్ మోగినా లాలాజలం రాదు. తిండి పెట్టినా ముట్టవు.

వాటిలో ఒక కుక్క కథ నాకు ప్రాణం. స్వతహాగా పిరికిది. మామూలుగా ప్రయోగం జరిగేటప్పుడు కుక్క ఒక గదిలో, శాస్త్రవేత్త మరో గదిలో ఉండేవారు. వరద తర్వాత ఏం చేసినా అది కోలుకోకపోతే, రోజూ దానితో పనిచేసే శాస్త్రవేత్తే వెళ్లి దాని పక్కన కూర్చున్నారు. వెంటనే పాత ప్రతిచర్యలు తిరిగొచ్చాయి. ఆయన లేచి వెళ్లిపోతే మళ్లీ పోయేవి. ఆయన తొడుక్కున్న బట్టలు కంటికి కనపడకుండా గదిలో పెట్టినా, ఆ వాసనకే కుక్క కుదుటపడేది. అలా నెమ్మదిగా అది మామూలైంది. పూర్తిగా నయమైందనే అందరూ అనుకున్నారు.

కొన్ని నెలల తర్వాత ఆ గది తలుపు కింద నుంచి సన్నగా నీళ్లు పారేటట్టు చేశారు. వరద కాదు, సన్నని ధార. కుక్క వణికిపోయింది. ప్రతిచర్యలన్నీ మళ్లీ మాయం.

ఈ రెండు ముక్కలూ కలిపి చూడండి. నమ్మకమైన మనిషి దగ్గరుంటే భయపడ్డ మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. అయినా పాత పాఠం లోపల ఎక్కడో ఉంటుంది.

ఈ రెండో విషయం పావ్‌లోవ్‌కు లాలాజలం దగ్గరే తెలుసు. తిండి పెట్టకుండా మెట్రోనోమ్ మాత్రం మళ్లీమళ్లీ మోగిస్తే లాలాజలం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. పాఠం చెరిగిపోయిందనిపిస్తుంది. కానీ కుక్కకు కాసేపు విరామం ఇచ్చి మళ్లీ మోగిస్తే, ఏ శిక్షణా లేకుండానే లాలాజలం తిరిగొస్తుంది. టెట్ పుస్తకాల్లో దీన్నే అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. నోరు తిరగని ఆ మాటలో ఉన్న అసలు సంగతి ఇది: పాతది చెరగలేదు. దాన్ని ఆపే కొత్త పాఠం ఒకటి పైన వచ్చి కూర్చుంది. మెదడులో భయానికి గంట కొట్టేది బాదంగింజంత ఉండే అమిగ్డలా అనీ, ఇక్కడ ప్రమాదం లేదులే అని దాన్ని అదుపు చేసేది నుదుటి వెనక ఉండే భాగమనీ తర్వాతి పరిశోధకులు తేల్చారు. సైకోథెరపీ బలపరిచేది ఈ అదుపునే.

బాబు వేళ్లను కొరికిన కుందేలు

పావ్‌లోవ్ స్వయంగా సైకోథెరపీ చేయలేదు. మనుషుల నరాల జబ్బులకు ఆయన నమ్ముకున్నది విశ్రాంతి, బ్రోమైడ్ మందులు. ఆయన చూపిన దారిని మనుషుల దాకా తెచ్చింది అమెరికన్లు. అదీ ఒక చెడ్డ పనితో మొదలైంది. 1920లో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు ఏడాది కూడా నిండని పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక పెద్ద చప్పుడు చేసి, ఎలుకంటే భయం నేర్పారు. ఆ భయాన్ని తీయకుండానే పంపేశారు. నాలుగేళ్లకు మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు దీనికి ప్రాయశ్చిత్తం లాంటి పని చేశారు. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల బాబు ఇష్టంగా తింటుండగా, గది ఆ చివర పంజరంలో కుందేలును పెట్టించారు. మర్నాడు ఇంకాస్త దగ్గరగా. బాబు బెదిరితే వెనక్కి. వారాలు గడిచాక పీటర్ తన వేళ్లను కుందేలు సుతారంగా కొరుకుతుంటే కూర్చుని చూశాడు.

ఇప్పటి థెరపీ గదుల్లో భయానికైనా, పాతబడ్డ నొప్పికైనా జరిగేది దాదాపు ఇదే. కాకపోతే మాటల సాయంతో. థెరపిస్టు ముందుగా మీ నొప్పి ఎలా నేర్చుకున్నదో మీకే అర్థమయ్యేలా చెబుతారు. తర్వాత వంగమంటారు, కొంచెమే. నొప్పి వస్తే పారిపోకుండా, పళ్లు బిగించకుండా, అది ప్రమాదం కాదని తెలుసుకుంటూ గమనించమంటారు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ వంగకు, ఎత్తకు, పడుకో అంటుంటారు చూడండి, అది ఇక్కడ అడ్డం వస్తుంది. తిండి లేకుండా మెట్రోనోమ్ మోగితేనే కదా కుక్క పాఠం మార్చుకుంది. బిందె జోలికే పోని మనిషి మెదడుకు, వంగినా ఏమీ కాలేదని తెలిసే సందర్భమే రాదు.

ఫలితం ఉంటుందా అంటే, అమెరికాలోని కొలరాడోలో సగటున పదేళ్లుగా నడుం నొప్పి ఉన్న 151 మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి చెబుతాను. నాలుగు వారాల ఇలాంటి థెరపీ తీసుకున్నవారిలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. మందు లేదని చెప్పే ఇచ్చిన ఉప్పునీటి ఇంజెక్షన్‌తో 20 శాతం మందికి, ఎప్పటి వైద్యమే కొనసాగించినవారిలో 10 శాతం మందికి అలా తగ్గింది. స్కాన్లలో నొప్పికి మెదడు స్పందించే తీరులో కూడా తేడా కనిపించింది. ఏడాది తర్వాత చూసినా మేలు చాలావరకు నిలిచే ఉంది. అయితే అది ఒక్క అధ్యయనం. అందులోనివారి నొప్పులు మరీ తీవ్రమైనవి కావు. అందరికీ ఇదే ఫలితమని నేను హామీ ఇవ్వలేను.

ముందు అసలు జబ్బు లేదని డాక్టరుతో నిర్ధారించుకోవడం తప్పనిసరి. నడుం నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్లు బలహీనపడటం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, అంతకుముందు క్యాన్సర్ ఉండటం, ప్రమాదంలో దెబ్బ తగలడం... వీటిలో ఏది ఉన్నా థెరపీ మాట తర్వాత, ముందు ఆస్పత్రికి రండి. అవేవీ లేవని తేలాక జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి పంపితే పిచ్చి అంటగట్టారనుకోకండి. వెళ్లలేకపోతే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో మాట. బాగైన మనిషి ఏడాదికి మళ్లీ నడుం పట్టుకుని వస్తే, ఆ కళ్లలో ఓటమి కనిపిస్తుంది. ఇంట్లో గొడవ, కూతురి పెళ్లి ఖర్చు, పాత ఇంటికి వెళ్లి పాత బావి చూడటం, ఏదో ఒక నీటిధార తలుపు కింద నుంచి వచ్చే ఉంటుంది. థెరపీ వృథా అయినట్టు కాదు. మళ్లీ కూర్చుని నేర్చుకుంటే రెండోసారి చాలామందికి తొందరగానే వస్తుంది. అప్పుడు నేను ఆ కుక్క కథ చెబుతాను. కొందరు నవ్వుతారు, నన్ను కుక్కతో పోల్చారేంటి డాక్టరు గారూ అని.

పావ్‌లోవ్ ఆ పోలికకు ఎప్పుడూ సిగ్గుపడలేదు. 1927లో, డెబ్బై ఏడేళ్ల వయసులో ఆయనకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. తర్వాత గుండెకు సంబంధించిన బాధలు వచ్చాయి. వాటిని తన కుక్కల్లో గమనించినట్టే తనలోనూ గమనించి, ఆపరేషన్ తర్వాత గుండెకు వచ్చిన న్యూరోసిస్ అంటూ ఒక వ్యాసం రాశారు. విశ్లేషించింది రోగే అని శీర్షికలోనే పెట్టి, కింద తన పేరు రాసుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో కుక్కల్ని చూసిన శ్రద్ధతోనే మానసిక, నరాల వైద్యశాలలకు వెళ్లి రోగుల్ని చూస్తూ, అక్కడి డాక్టర్లతో వాదిస్తూ గడిపారు. 1935లో లెనిన్‌గ్రాడ్‌లో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మ శాస్త్ర మహాసభకు ఆయనే పెద్ద దిక్కు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 27న న్యుమోనియాతో కన్నుమూశారు. వయసు ఎనభై ఆరు.